మాణిక్యంగారు ఇంకా రాలేదండీ

నేను ఒక పలకను. ప్లాస్టిక్ చట్రానికి రంగుపూసలు గుచ్చిన ఈకాలపు బొమ్మను కాను, అసలు సిసలు మార్కాపురం రాతిపలకను. రాతి గనిలో పుట్టి, రంపపు కోతకి ఓర్చుకుని, నాలుగు చెక్కముక్కల మధ్య ఒదిగి పాలకొల్లు బజారుకి చేరాను. అక్కడ నన్ను కొన్నవాడు ఫొటోగ్రాఫరు గవర్రాజు. కూతురి అక్షరాభ్యాసానికి కొన్నాడు. ఆ పిల్ల నా మీద దిద్దింది తక్కువ, ఉమ్మి పెట్టి తుడిచింది ఎక్కువ. నోటుపుస్తకాలు రాగానే నన్ను అటకెక్కించేశారు.

మళ్లీ కిందికి దిగానంటే అది గవర్రాజు మతిమరుపు చలవే. ఎవరి ముక్కు ఏ వైపు నుంచి చూస్తే బాగుంటుందో ఇట్టే చెప్పగలడు. ఆ ముక్కు గలవాడి పేరు మాత్రం చచ్చినా చెప్పలేడు. ఒకసారి ఊళ్లోని ఒక సంఘంవాళ్లు గ్రూపు ఫొటో తీయించుకుని, కింద పేర్లు అచ్చు వేయమన్నారు. వరసలో కూర్చున్న కార్యదర్శి తన ఎడమచేతి వైపు నుంచి పేర్లు చెప్పుకొచ్చాడు. గవర్రాజు ఫొటోలో ఎడమ నుంచి వేసేశాడు. ఇంకేముంది! డాక్టరుగారు కిళ్లీకొట్టు యజమాని అయ్యారు, కిళ్లీకొట్టాయన డాక్టరు అయ్యాడు. సరిగ్గా పడింది నట్టనడుమ కూర్చున్న అధ్యక్షుడి పేరొక్కటే. అందుకే జనం దేనికి గొడవ పడుతున్నారో ఆయనకి ఎంతకీ అర్థం కాలేదు.

ఆ దెబ్బతో గవర్రాజుకి నేను గుర్తొచ్చాను. అప్పటినుంచి మా పద్ధతి ఒకటే. జనాన్ని వరసగా నిలబెట్టి, తన కళ్లకి కనిపించే వరసలోనే పేర్లు నా మీద రాసుకుంటాడు. తలలెన్నో పేర్లన్నే ఉన్నాయా అని లెక్క చూసుకుంటాడు. ముందు నన్ను ఫొటో తీస్తాడు, ఆ వెంటనే వాళ్లని తీస్తాడు. రీలు కడిగినప్పుడు మేము పక్కపక్కనే ఉంటాం. నాకు తీసినన్ని ఫొటోలు ఏ సినిమా తారకీ తీసి ఉండరు. అయితే ఒక్కటీ గోడెక్కలేదు, అది వేరే సంగతి.

పేరు చెప్పమంటే మనుషులు పడే అవస్థ చూడాలి. "నేనెవరో తెలీదేంటయ్యా?" అని కళ్లెర్రజేసేవాడొకడు. "తణుకు బావగారని రాసెయ్, అందరికీ తెలుసు" అనేవాడొకడు. పేరు అడిగితే బి.ఏ.తో సహా చెప్పి, నా మీద చోటు చాలకపోతే పక్కవాడి పేరు కుదించమనేవాడు ఇంకొకడు. ఆడవాళ్లు ఒకళ్లనొకళ్లు మోచేత్తో పొడుచుకుని, "నువ్వు చెప్పవే" అని నవ్వేవారు. వాళ్లందరినీ భరించాను. మా ఇద్దరికీ పేర్ల విషయంలో ఇక తిరుగులేదనుకున్నాం కూడా. అప్పుడు వచ్చింది యర్రంశెట్టివారింటి నుంచి కబురు.

ఆ ఇంటి పెద్దావిడ మాణిక్యాంబగారికి ఎనభై ఏళ్లు నిండాయి. కొడుకు ప్రకాశంగారు బంధువులందరినీ పిలిచి పండగలా చేశారు. భోజనాలయ్యాక పెరట్లో గ్రూపు ఫొటో. ఆవిడ నడిమధ్య కుర్చీలో, జరీచీరలో, నిటారుగా కూర్చుంది. గవర్రాజు ఒక కొసనుంచి పేర్లు అడుగుతూ వచ్చాడు. ప్రకాశంగారు తన పేరు చెప్పి, పక్కన ఖాళీ చూపించి, "మా ఆవిడ, సుశీల. లోపల తాంబూలాలు సర్దుతోంది, వచ్చేస్తుంది" అన్నారు. రాశాడు. వెనక వరస చివర ప్రకాశంగారి బావమరిది వీరన్నగారు నిలబడ్డారు. ఆయన తన పేరు చెప్పి, "మా చెల్లెలు మాణిక్యం పేరు కూడా రాయండి. లోపలుందండి, వచ్చేత్తాది" అన్నారు. అదీ రాశాడు.

ఇంతలో సుశీలగారు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి భర్త పక్కన నిలబడింది. గవర్రాజు లెక్క చూసుకున్నాడు. ఒక పేరు ఎక్కువొచ్చింది. మళ్లీ చూశాడు. అంతే. ఒకసారి చెయ్యి కాల్చుకున్నవాడు, కెమెరా ముట్టుకుంటాడా?

"ఆగండాగండి! మాణిక్యంగారు ఇంకా రాలేదండీ!" అని గట్టిగా అరిచాడు.

మధ్య కుర్చీలోంచి పెద్దావిడ గొంతు ఖంగున మోగింది. "ఏవయ్యోయ్, ఇక్కడ కూర్చున్నది నీ కంటికి ఆనట్లేదా?"

"తమరు కాదండి, ఇంకో మాణిక్యంగారు."

పిల్లలకి ఆ మాత్రం చాలు. వంటింట్లోకి ఒకడు, మేడమీదికి ఒకడు, బావి దగ్గరికి ఇద్దరు పరుగెత్తారు. ఎవరికీ ఏ మాణిక్యమూ దొరకలేదు. పెద్దవాళ్లు మాత్రం కదలకుండా నేలచూపులు చూస్తున్నారు. ఆఖరికి వీరన్నగారే నోరు విప్పారు.

"ఎక్కడికో పరిగెడతారేంట్రా! అదిగో, ప్రకాశం బావ పక్కన నిలబడింది కదా."

"ఆవిడ సుశీలగారండి!" అన్నాడు గవర్రాజు, నన్ను చూపిస్తూ.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఆవిడ పుట్టింటి పేరు మాణిక్యమే. కాపురానికి వచ్చేసరికి అత్తగారిదీ అదే పేరు. అత్తగారి పేరు పెట్టి కోడల్ని కేకెయ్యడం ఎలా? కట్టుకున్నవాడు తల్లి పేరుతో పెళ్లాన్ని పిలవడం ఎలా? గడప దాటి లోపలికి రాగానే మామగారు ఆ పిల్లకి సుశీల అని పేరు పెట్టేశారు. అన్నగారు చూడ్డానికి వచ్చినా ఆ ఇంట్లో "అమ్మాయ్" అనే పిలిచేవారు. అసలు పేరు పుట్టింట్లోనే ఉండిపోయింది.

ప్రకాశంగారు కంగారుపడ్డారు. "అది తుడిచెయ్యండి గవర్రాజుగారూ. సుశీలనే ఉంచండి. అమ్మ ఎదురుగా ఏంటిదంతా, బాగోదు."

గవర్రాజు తడిగుడ్డ తీశాడు. అది నా మీద పడేలోపు ఒక చెయ్యి వచ్చి నన్ను అడ్డంగా పట్టుకుంది. పసుపూ సున్నమూ అంటిన చెయ్యి.

"తుడవకండి," అంది సుశీలగారు. "అది మా నాన్న పెట్టిన పేరండి. ఇన్నేళ్లూ మీరు ఎలా పిలిస్తే అలా పలికాను. ఒక్క ఫొటో కిందన్నా నన్ను నా పేరుతో ఉండనివ్వండి."

నేను రాయినే. అయినా చెప్తున్నాను, నాకు ఆ క్షణంలో దుఃఖం ముంచుకొచ్చింది. నా మీద పడి చెరిగిపోయిన పేర్లకి లెక్కలేదు. తన పేరు చెరపొద్దని నన్ను పట్టుకున్నవాళ్లు అంతవరకూ ఎవరూ లేరు.

అందరి చూపులూ పెద్దావిడ మీదకి తిరిగాయి. ఆవిడ కోపం ఊరందరికీ తెలుసు. ఆవిడ చెయ్యి చాచి నన్ను తెప్పించుకుంది. కళ్లజోడు సవరించుకుని, ఆ పేరు మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

"మా ఆయన మార్చాడు గానీ, నన్నెవరడిగారు?" అంది చివరికి. "నా పేరు ఇంకోళ్లకుంటే నాదేమన్నా అరిగిపోద్దా? అమ్మా అంటారు, అత్తయ్యా అంటారు, నానమ్మా అంటారు. మాణిక్యం అని నన్ను పిలిచేవాళ్లంతా పోయార్రా. ఆ పేరు ఎవరి నోటన్నా విని ఎన్నేళ్లయిందో. ఇందాక ఈ ఫొటోలాయన అరిస్తే గుండె ఝల్లుమంది."

అని, తల తిప్పకుండానే గట్టిగా పిలిచింది. "ఒసే మాణిక్యం! అక్కడేం చేత్తన్నావే? వచ్చి నా పక్కన కూర్చో."

కోడలు వచ్చి కూర్చుంది. ఏడుపూ నవ్వూ కలిసిపోయి ముఖం ఎర్రబడింది. గవర్రాజు సుశీల అన్నచోట తుడిచి, వరసలు సరిచేసి, లెక్క కుదిరాక నన్నూ వాళ్లనీ ఫొటో తీశాడు.

ఇప్పుడు పేర్లు రాసుకునే పని ఫోన్లు చేస్తున్నాయట. నేను స్టూడియోలో మేకుకి వేలాడుతున్నాను. మూల కాస్త పగిలింది, తక్కినదంతా బాగానే ఉన్నాను. పేరులో ఏముందని ఎవరైనా కస్టమరు అన్నప్పుడల్లా నాకు ఫ్రేము కట్టిన ఆ ఫొటో ఇవ్వడానికి వెళ్లినరోజు గుర్తొస్తుంది. గవర్రాజు సంచిలో నేనూ ఉన్నాను. మేము వీధి అరుగు మీద కూర్చున్న కాసేపట్లోనే లోపల్నుంచి పెద్దావిడ కేక ఎన్నిసార్లు వినిపించిందో. "మాణిక్యం!" "వస్తున్నా అత్తయ్యా!" మళ్లీ "మాణిక్యం!"

గవర్రాజు ఉండబట్టలేక లోపలికి తొంగి చూశాడు. "ఏం కావాలండీ మీకు? నన్నేమన్నా అందుకోమంటారా?"

"ఏం వద్దయ్యా," అంది పెద్దావిడ తాపీగా. "ఊరికే పిలుత్తున్నాను."