నెర్మీన్ చదవకుండా దాటేసిన వాక్యం

ఇన్సాఫ్ పూచీ పడింది కాబట్టే రేవు పక్కనున్న అన్ఫూషీ సందులోని ఆడవాళ్లు తమ తల్లుల పేర్లు కాగితం మీద రాశారు. ఆ పేరు ఎవరి చేతిలో పడ్డా చేతబడికి పనికొస్తుందని అందరికీ భయం. కానీ నక్షత్రం లెక్క కట్టాలంటే మనిషి పేరూ తల్లి పేరూ రెండూ ఉండాలి.

“మా అమ్మాయి నెర్మీన్ చదువు కోసమే. తంతా ఊళ్లో జ్యోతిషం తెలిసిన పెద్దాయన లెక్క కడతాడట. మీ పేర్లు బయటికి పొక్కితే నన్నడగండి,” అని ఇన్సాఫ్ ఇంటింటికీ తిరిగి చెప్పింది.

జాతకాలు వచ్చాయి. చివర ఒక ప్రశ్న: ఇది మీకు ఎంతవరకు సరిపోయింది? చాలామంది ‘పూర్తిగా’ దగ్గర గీత పెట్టి, కళ్లు తుడుచుకున్నారు. ఇన్సాఫ్ కూడా అంతే. సముద్రం భర్తను మింగినప్పటి నుంచి ఆమె కొడుకు రిఫాత్‌ను రేవు దాటనివ్వలేదు. వాడు చేపల వేట పడవ ఎక్కుతానని ఏడాదిగా పోరుతున్నాడు. గాలి కాస్త గట్టిగా వీచినా ఆమెకు వాడి శవమే కళ్లముందు కదిలేది. అలాంటిది, తన కాగితంలో ‘మీ బిడ్డను నీటి దారికి పంపడానికి వెనకాడకండి, నీరు అతనికి అచ్చివస్తుంది’ అని చదివి, గుండె రాయి చేసుకుని వాణ్ని పంపేసింది.

పడవ వెళ్లి వారం కాలేదు, ఏటా చలికాలంలో వచ్చే కాసిం తుఫాను ఈసారి ముందే వచ్చేలా ఆకాశం నల్లబడింది. ఆ సాయంత్రమే నెర్మీన్ అందరినీ ఇంటికి పిలిచి టీ ఇచ్చింది.

“కోప్పడకండి పిన్నీ. తంతాలో పెద్దాయనెవరూ లేరు. జాతకం నేనే రాశాను. అందరికీ ఒకటే. జనం ఎందుకు నమ్ముతారో చూద్దామని.”

“ఒకటేనా?” ఎదురింటి సబాహ్ గ్లాసు కింద పెట్టింది. “మరి నా మొగుడి సంగతి దాన్లోకి ఎలా వచ్చిందే?”

“మీ ఆయన సంగతి లేదు పిన్నీ. ‘దగ్గరివాళ్లు మీ విలువ గుర్తించరు’ అని ఉంది, అంతే.”

“అదే కదే నా మొగుడు!”

ఒకరిద్దరు నవ్వారు. వజీహ్ తల్లి ఉమ్మ్ వజీహ్ నవ్వలేదు. ఇన్సాఫ్ వైపు తిరిగింది.

“మా అమ్మ పేరు నీ ముఖం చూసి రాశాను, రిఫాత్ తల్లీ. నీ కూతురి ముఖం చూసి కాదు.”

ఇన్సాఫ్ తల ఎత్తలేకపోయింది. ఒకటే అని నమ్మించడానికి నెర్మీన్ జాతకాన్ని పైకి చదవసాగింది. ఇన్సాఫ్ తన కాగితం తీసి, వేలు పెట్టి వెంట నడిచింది. పైకి ధైర్యంగా కనిపిస్తారు, ఉంది. లోపల దిగులు పడతారు, ఉంది. తర్వాత రావలసింది నీటి దారి. నెర్మీన్ గొంతు ఆగకుండా దాన్ని దాటి వెళ్లిపోయింది. ఇన్సాఫ్ వేలు అక్కడే ఉండిపోయింది.

అందరూ వెళ్లిపోయారు. ఉమ్మ్ వజీహ్ టీ ముట్టుకోనే లేదు.

నెర్మీన్ గ్లాసులు కడుగుతుంటే ఇన్సాఫ్ వెనకే వచ్చి నిలబడింది.

“నాకు రాసిందంతా నువ్వు చదవలేదు.”

“ఏది?”

“నీటి దారి.”

కుళాయి పారుతూనే ఉంది. “రిఫాత్ నా కాళ్లు పట్టుకున్నాడమ్మా. మేం చెబితే నువ్వు వినవు. జాతకం చెబితే వింటావని...”

“ఇద్దరూ కలిసే చేశారన్నమాట.”

“వాడి బతుకు వాడు బతకాలి కదమ్మా!”

“నా కాగితం నీ లెక్కలో వేశావా?”

నెర్మీన్ తల దించుకుంది. “లేదు. అందరికీ ఒకేలా ఉండాలి. నీది పక్కన పెట్టేశాను.”

సబాహ్‌ను అందరితో కలిపి మోసం చేశారు. తనను మాత్రం విడిగా, కన్నబిడ్డలే, ఎక్కడ తాకితే పడిపోతుందో తెలిసి మోసం చేశారు. రేవు వైపు కిటికీ రెక్క దడదడ కొట్టుకుంది. ఇన్సాఫ్ వెళ్లి దాన్ని మూయలేదు. బల్ల మీది కలం తెచ్చి కూతురి ముందు పెట్టింది.

“ఇంకోటి రాయి.”

“అమ్మా...”

“పడవ తిరిగొస్తుందని రాయి. నీకు బాగా చేతనవునుగా. నేను నమ్ముతాలే.”

నెర్మీన్ తడి చేతులతో అలాగే నిలబడిపోయింది. కలం ముట్టుకోలేదు.