లోపలి పొక్కు, అంచు పొక్కు

కాన్పయి మా అమ్మాయి పసిదానితో మా ఇంట్లో ఉన్న రోజుల్లోనే నాకు నోరు పొక్కింది. కుడి బుగ్గ లోపల కందిగింజంత తెల్లటి పుండు, చుట్టూ ఎర్రటి అంచు. కాఫీ తాగితే మంట, మాట్లాడితే మంట. నాది పింగాణీ సామాన్ల వ్యాపారం. మాట్లాడకుండా బేరం కుదిర్చే విద్య ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

మంటగా ఉందని మా ఆవిడతో అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"నోట్లో పొక్కా? అయితే మీరు పిల్ల గదిలోకి రాకండి. అంటుకుంటుంది."

ఖర్చయినా తేల్చుకుందామని పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన లైటు వేసి చూశాడు. ఇది ఒకరినుంచి ఒకరికి అంటేది కాదని, తనంతట తనే మానుతుందని చెప్పాడు. పెదవి మీద, బయటివైపు, నీటి పొక్కులు గుత్తిగా లేస్తే మాత్రం అది వేరే జబ్బట. అది వైరస్ వల్ల వస్తుందట, ముద్దుతో అంటుకుంటుందట, పురిటిపిల్లలకైతే ప్రాణాల మీదికే రావచ్చట.

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను.

"మీకు కావలసినట్టు చెప్పించుకుని వచ్చుంటారు" అంది మా ఆవిడ. "గాజు గ్లాసు పగలదని పూచీ ఇచ్చి అమ్మే మనిషి మీరు. మిమ్మల్ని ఎలా నమ్మను?"

మూసిన షాపు అద్దంలోంచి సరుకు చూసే గిరాకీలా గుమ్మం ఇవతల నిలబడి నా మనవరాలిని చూసుకోవడం నా వంతయింది.

అలాంటి రోజుల్లో మా బావమరిది పిల్లని చూడటానికి వచ్చాడు. తమ్ముడంటే మా ఆవిడకి ప్రాణం. జ్వరపడి లేచాడట, మనిషి కాస్త చిక్కాడు. కింది పెదవి అంచున చిన్న చిన్న నీటి పొక్కులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. ఒకటి చితికి చెమ్మగా ఉంది.

"మూతికేమైందిరా?" అంది మా ఆవిడ.

"ఏం లేదక్కా. జ్వరానికి పేలింది."

"ఓ, పేలిందా! అంతేగా. రా, చేతులు కడుక్కుని కూర్చో."

అదీ సంగతి. నాదేమో పొక్కు, వాడిదేమో పేలడం. పేరు మారేసరికి జబ్బు కాస్తా జబ్బు కాకుండా పోయింది. ఇన్నేళ్ల వ్యాపారంలో చీటీ మార్చి సరుకు అమ్మినవాళ్లని చూశాను గానీ, ఇంత సులువుగా అమ్ముడుపోవడం చూడలేదు.

పిల్లని తెచ్చి వాడి ఒళ్లో పెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏమోయ్, ముద్దు పెట్టకు. అసలు అంటుకునేది నీదే!"

"మీకు ఇవ్వలేదని నా మీద పడతారేంటి బావా?" అని నవ్వాడు.

"కుళ్లు, ఇంకేముంది!" అంది మా ఆవిడ.

కోపం దిగమింగి మా ఆవిడకి తెలిసిన లెక్కలోనే చెప్పి చూశాను. "షాపులో నాతో పాటు కూర్చున్నదానివే కదా. కప్పు లోపల మరక ఉంటే చూడటానికి బాగోదు, అంతే. అంచు పెచ్చు లేచిందంటే తాగిన ప్రతివాడి మూతీ తెగుతుంది. నాది లోపల, వాడిది అంచు మీద. ఏది ప్రమాదం?"

"బంగారంలాంటి పిల్లని పట్టుకుని కప్పులూ సాసర్లూ అంటారేంటండీ!"

ఇక ఈవిడకి ఏ భాషలో చెప్పాలి? ఈలోపు వాడు "ఏదీ, చిన్నతాతకి ఒక ముద్దు" అంటూ పిల్ల బుగ్గ మీదికి వంగాడు. గుమ్మం దాటి ఒక్క అంగలో వెళ్లి మధ్యలో చెయ్యి అడ్డం పెట్టాను. ముద్దు నా చేతి మీద పడింది.

పిల్ల ఉలిక్కిపడి ఏడుపు లంకించుకుంది. "మీకేమైనా పిచ్చా?" అని మా ఆవిడ కేకేసింది. స్నానం చేసి తడిజుట్టుతో వచ్చిన అమ్మాయి మామయ్య పెదవిని చూసింది, నా చేతిని చూసింది. పిల్లని లాక్కుని పిల్లల డాక్టరుకి ఫోన్ చేసి, సంగతి చెప్పి, స్పీకరులో పెట్టింది.

"పొక్కు లేచేముందు అక్కడ చురచురమందా? ఇదివరకు కూడా వచ్చిందా?" అని డాక్టరమ్మ అడిగింది.

"అవునండీ, జ్వరం తగిలితే అక్కడే పేలుతుంది" అన్నాడు బావమరిది. నవ్వు పోయింది.

"పాపకి తగిలిందా?"

"లేదు, నా చేతికి తగిలింది" అన్నాను.

"అయితే గండం గడిచింది. సబ్బుతో బాగా కడుక్కోండి. పుండు పూర్తిగా మానేదాకా ఆయన పాపకి దూరంగా ఉండాలి. పాపకి జ్వరం వచ్చినా, పాలు తాగకపోయినా వెంటనే తీసుకురండి."

"మరి బుగ్గ లోపల పొక్కుంటేనో?" సందు దొరికింది, వదులుతానా?

"అది అంటుకోదండీ."

మా ఆవిడ వైపు తిరిగాను. తప్పయిందంటుందేమోనని చూశాను.

"ఈ మాట ముందే సరిగ్గా చెప్పి ఏడవొచ్చుగా!" అంది.

మోచేతుల దాకా సబ్బు పట్టించుకుని వచ్చి చేతులు చాపాను. అమ్మాయి పిల్లని అందించింది. చేతుల్లో దూదంత బరువు. బుగ్గ నా మూతికి జానెడు దూరంలో ఉంది.

"ఆగండి. ఎవరి పొక్కు ఏదో నాకు తెలియదు. ఇకమీదట ఈ ఇంట్లో ఎవరి మూతీ దాని దగ్గరికి రావడానికి వీల్లేదు. మీదైనా సరే" అంది మా ఆవిడ.

న్యాయం నా వైపుంది, డాక్టర్లిద్దరూ నా వైపున్నారు. వాదించబోయి ఆగాను. ఈ షరతులో నష్టం నాకొక్క ముద్దే, లాభం మొత్తం పిల్లకే. ఒప్పుకున్నాను.