ఖాళీ బకెట్టు

జూకి వచ్చే జనాన్ని చూసి చూసి నాకు జంతువుల మీద గౌరవం పెరిగింది. పదకొండేళ్లుగా ఎలుగుబంటి దగ్గర పనిచేస్తున్నాను. కమ్మీల ఇవతల నిలబడి జనం అడిగే ప్రశ్నలు వింటే ఒళ్లు మండుతుంది. "ఇది నిజం ఎలుగుబంటేనా?" కాదు నాయనా, మా మామయ్య దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. "ఎప్పుడు చూసినా పడుకునే ఉంటుందేం?" ఆదివారం మధ్యాహ్నం మీ ఇంట్లో మీరు చేసేదేమిటో! ఒకడు ఈల వేస్తాడు, ఒకావిడ చిప్స్ ప్యాకెట్టు ఆడించి చూపిస్తుంది. లోపల ఉండాల్సినవాళ్లు టికెట్టు కొనుక్కుని బయట తిరుగుతున్నారని నా గట్టి నమ్మకం.

అలాగని నేనేదో పుణ్యాత్మురాలిని కాదు. సాయంత్రం తాళం వేసేది నేనే. ఆ జీతంతోనే నా ఇల్లు గడుస్తుంది.

మా ఎలుగుబంటిని అందరం పెద్దాయన అంటాం. సర్కస్ నుంచి వచ్చాడు. అక్కడ తిండి ఉన్నట్టు ఖాళీ చేతులు చూపించి ఆడించేవాళ్లట. వచ్చిన కొత్తలో ఎవరినీ నమ్మక పస్తులు పడుకునేవాడు. ఎనిమిది నెలలు నానా తంటాలు పడి ఒక్కటి అలవాటు చేశాను. బకెట్టు మూత మీద మూడుసార్లు కొట్టానంటే లోపల తిండి ఉన్నట్టే. ఒక్కసారి కూడా ఆ మాట తప్పలేదు.

ఈమధ్య ఆయన పంటి కింద చీము పట్టింది. తేనె రాసిన రొట్టెలో మాత్రలు పెట్టి పూటపూటా మింగిస్తూ వచ్చాను. మొన్న ఆదివారానికి ఐదు రోజుల మందులో మూడు రోజులు అయ్యాయి.

"మందు ఆగకూడదమ్మా," అని డాక్టరమ్మ ముందే చెప్పింది. "ఆగితే మత్తిచ్చి పన్ను పీకాలి. ఈ వయసులో మత్తిస్తే మళ్లీ లేస్తాడని నేను చెప్పలేను."

సరిగ్గా ఆ ఆదివారమే అక్కనీ పిల్లల్నీ వెంటేసుకుని మా బావ దిగాడు. ఊరికే చేస్తామంటే ఆపరేషనైనా చేయించుకునే రకం. గేటు దగ్గర నా పేరు చెప్పి టికెట్టు లేకుండా వచ్చేశాడు.

"ఏం మరదలా, మీ హీరో ఇంకా నిద్ర లేవలేదా?"

"ఒంట్లో బాగాలేదు బావా. కోతుల వైపు వెళ్లండి, మీకు అక్కడ బాగా కాలక్షేపం."

"పదకొండేళ్లుగా దాని పెంట ఎత్తుతున్నావు, నువ్వు పిలిచినా రాదా?" అని చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినపడేలా నవ్వాడు. అక్క కూడా నవ్వింది.

అక్క నవ్వకపోతే ఊరుకునేదాన్నేమో. రోషం పొడుచుకొచ్చింది. కడిగి బోర్లించిన బకెట్టు తీసి, మూత పెట్టి, మూడుసార్లు కొట్టాను.

పెద్దాయన వచ్చాడు. దవడ ఒక పక్క వాచిపోయి ఉంది. ఒక్కో అడుగూ కూడదీసుకుంటూ వచ్చి, నేను మూత తీయగానే కమ్మీల సందులోంచి బకెట్టులోకి మూతి పెట్టాడు. అడుగంతా నాకాడు. తర్వాత తలెత్తి నా వైపు చూశాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. "అదీ మా మరదలంటే!" అని బావ ఫోన్ పైకెత్తాడు. సిగ్గులేకుండా ఆ ఫోటోకి నేనూ నవ్వాను.

సాయంత్రం మాత్రలు పెట్టిన రొట్టె బకెట్టులో తెచ్చి మూత మీద కొట్టాను. రాలేదు. మళ్లీ కొట్టాను. లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. రొట్టెను కర్రకు గుచ్చి దగ్గరికి తోస్తే తల తిప్పుకున్నాడు. మర్నాడు పొద్దున్నా అంతే. మూత సొట్టపోయేదాకా కొట్టాను.

డాక్టరమ్మ వచ్చి చూసి, ఇక లాభం లేదు, మత్తు ఇవ్వాల్సిందే అంది. సూది సిద్ధం చేసుకుంటూ నన్ను అడిగింది.

"నీ చప్పుడు వింటే ఎక్కడున్నా లేచి వచ్చేవాడు కదమ్మా. నిన్న ఏం జరిగింది?"

నిజం నోటిదాకా వచ్చింది. నా మీద నాకే అసహ్యం వేసింది. ఉద్యోగం పోతుందని భయమూ వేసింది.

"జనం విసిగించారండీ," అన్నాను.

"ఈ మనుషులకి బుద్ధి రాదు," అంది డాక్టరమ్మ.

"రాదండీ," అన్నాను.