ఎక్కడికి, బావా?

మరిసెల్ పుట్టిన ఊళ్లో గుమ్మం ముందు నుంచి ఎవరు వెళ్తున్నా ‘ఎక్కడికి?’ అని అడుగుతారు. ఫిలిప్పీన్స్‌లో అదే నమస్కారం, అదే కుశలం. జవాబు ఎవరికీ అక్కర్లేదు. అడక్కపోతేనే తప్పు, ఎదుటివాణ్ణి మనిషిగా లెక్కచేయలేదని నొచ్చుకుంటారు.

అలాంటి పిల్ల దోహాలో క్రేను నడిపే ధనరాజును పెళ్లాడింది. అక్కడ తను చేస్తున్న ఉద్యోగం ఊడిపోయాక, ఒక ఏడాది అత్తగారింట్లో ఉందువుగానని మొగుడు పంపిస్తే శ్రీకాకుళం జిల్లాలో ఈ సముద్రపొడ్డు పల్లెకు ఒక్కతే వచ్చింది. ఊరికి ఆమె పేరు నోరు తిరక్క మేరీ అని పెట్టుకుంది. కొత్త దేశంలో ఆమె ప్రతిదీ గమనించింది. ఇక్కడ థాంక్యూ అంటే వింతగా చూస్తారు. ఎడం చేత్తో ఉప్పు అందిస్తే పుచ్చుకోరు. చెప్పకుండా వంటింట్లోకి వచ్చి కూర్చుని మొగుడి జీతమెంతని అడుగుతారు. వెళ్లేవాళ్లు వెళ్తామని అనరు, వస్తామంటారు.

అన్నీ ఓపిగ్గా నేర్చుకుంది. ఆమెకు కావలసింది ఒక్కటే, అత్త మరిడమ్మ తనని ఈ ఇంటి మనిషిగా చూడాలి. మరిడమ్మ చూస్తేనా. పేరు పెట్టి పిలవడం కూడా దండగనుకుని, గోడకు చెప్పినట్టు పనులు చెప్పేది.

ఒక తెల్లవారుజామున ధనరాజు అన్న సోములు వల భుజాన వేసుకుని వేటకు బయల్దేరాడు. వాకిలి ఊడుస్తున్న మరిసెల్ నోరారా నవ్వి, “ఎక్కడికి, బావా?” అంది. సోములు మొహం మాడిపోయింది. వల దింపి, వెనక్కొచ్చి, కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి అప్పుడు కదిలాడు. సముద్రం మీదికి పోయేవాణ్ణి ఎక్కడికని అడిగితే గంగమ్మ తిరిగి పంపదట. అడిగిన కీడు పోవాలంటే ఇదొక్కటే విరుగుడు. ఆ పల్లెలో పసిపిల్లలకు కూడా తెలిసిన ఈ సంగతి మరిసెల్‌కి తెలియదు.

మరిడమ్మ చీపురు తిరగేస్తుందనుకుంటాం. తిరగెయ్యలేదు. కోడలి మొహంలోకి చూసింది, తర్వాత ఎదురింటి వైపు చూసింది. ఎదురింటి కూర్మయ్య, బోట్లు ఒడ్డుకు లాగే చోటు గురించి తగువొచ్చి, కిందటేడు సోములును పదిమందిలో కొట్టాడు. ఆ దెబ్బ సోములు మర్చిపోయాడు. తల్లి మర్చిపోలేదు.

“ఇంటోల్లని అడక్కూడదే,” అంది మెత్తగా. “ఎదురింటోల్లని అడగాల. మా కాడ అదే మర్యాద. కూర్మయ్యని రోజూ అడుగు. నవ్వుతా అడుగు.”

అత్త తనతో అంత సేపు మాట్లాడటం అదే మొదలు. పిచ్చిపిల్ల పొంగిపోయింది.

మర్నాటి నుంచి కూర్మయ్య గుమ్మం దిగడం, ఈమె “ఎక్కడికి, బావా?” అనడం. అతను ఆగి, వెనక్కెళ్లి అరుగు మీద కూలబడేవాడు. అతని పెళ్లాం నీలవేణి చెంబుతో నీళ్లిచ్చేది. పని మీద పోయే మనిషి కూడా తన కోసం ఆగి కూర్చుంటున్నాడే, ఎంత మన్ననో అని మరిసెల్ మురిసిపోయింది. వీడియో కాల్‌లో తల్లికి కూడా చెప్పుకుంది.

నీలవేణికి ఒళ్లు మండింది. కానీ పరాయి దేశపు పిల్ల, దానికేం తెలుసు, అత్త చెప్పుకుంటుందిలే అని సరిపెట్టుకుంది. పైగా మధ్యాహ్నాలు పిలిచి చేపలు ఎండబెట్టడం నేర్పింది, చీర కుచ్చిళ్లు సర్దింది, తన కంచం పక్కనే అన్నం పెట్టింది. ఆ పల్లెలో మరిసెల్‌కి స్నేహమంటూ ఉంటే అదొక్కటే. ఆ నవ్వు మొహం చూసి నీలవేణికి అసలు విషయం చెప్పబుద్ధి కాలేదు. చెప్పి ఉంటే ఈ కథ అక్కడితో ఆగిపోయేది.

ఒకరోజు సముద్రం పోటు మీద ఉంది. బోట్లన్నీ చీకటుండగానే కెరటాలు దాటేశాయి. కూర్మయ్య మాత్రం పలకరింపు విని ఎప్పటిలాగే వెనక్కెళ్లి కూర్చున్నాడు. లేచి వెళ్లేసరికి పోటు పెరిగింది, సాయం పట్టడానికి ఒడ్డున ఎవరూ మిగల్లేదు. ఒడ్డు కెరటమే బోటును ఎత్తి అతని మీద తిరగేసింది. శ్రీకాకుళం తీసుకెళ్తుంటే ఎచ్చెర్ల దగ్గర స్పృహ తప్పాడు. ప్రాణం దక్కింది గానీ కుడికాలు మోకాలి దాకా తీసేశారు.

ఊరి పెద్దలు వలలు కుట్టే పాకలో కూర్చున్నారు. మరిడమ్మే కావాలని చేయించిందని కూర్మయ్య వైపువాళ్ల మాట. అది నిజమని తేలితే సోములు బోటు ఇక నీళ్లలోకి దిగదు. ప్రమాదం జరిగిన నాటి నుంచి మరిడమ్మ మరిసెల్‌ను గడప దాటనివ్వలేదు. ఆమె పాకకు బయల్దేరే ముందు దోహా నుంచి ధనరాజు ఫోన్ చేసి, అమ్మ ఏమంటే దానికి అవునను, లేకపోతే ఆ ఇంట్లో నీకు చోటుండదు, నా దగ్గరా ఉండదు అన్నాడు. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. పాకలో మనుషులు అరుచుకుంటుంటే ఒక్కొక్క మాటా కూడబలుక్కుని అర్థం చేసుకుంది. కూర్మయ్య అరుగు మీద నీళ్లు తాగింది మన్నన కాదు, తన పలకరింపు కీడుకు విరుగుడని అప్పుడు తెలిసింది.

“ఎన్నిసార్లు సెప్పినా ఇనదు బాబూ,” మరిడమ్మ ముక్కు చీదింది. “పై దేశపుది. ఏటి సెయ్యమంటారు?”

నీలవేణి లేచింది. ఆసుపత్రి నుంచి తిన్నగా వచ్చిన మనిషి. “మేరీ, అలాగ అడగమని నీకెవులు సెప్పినారు? నువ్వు సెప్పు. నేను నమ్ముతాను.”

నమ్మేది కూడా. అత్త చెప్పిందనడానికి రెండు మాటలు చాలు, ఆ రెండూ మరిసెల్‌కి బాగా వచ్చు. ఆమె నీలవేణి మొహం చూసింది, మరిడమ్మ మొహం చూసింది.

“ఎవులూ సెప్పనేదక్కా,” అంది. “నేనే.”

నీలవేణి తిట్టలేదు. “నా సేతి కూడు తింతానే అడిగినావన్నమాట,” అని బయటికి నడిచింది.

పరదేశపు మనిషి, చెప్పినా తలకెక్కక చేసిందని పెద్దలు సోములు బోటును వదిలేశారు. వేట వేళకు మేరీ వాకిట్లో కనపడకూడదని మాత్రం కట్టడి చేశారు.

ఇక మరిడమ్మ మారిపోయింది. కోరుకున్నదంతా మరిసెల్‌కి దొరికింది. కూరలో మంచి ముక్క ఆమెకే. దారిన పోయేవాళ్లకు “మా సిన్నకోడలు, బంగారం,” అని చూపించుకునేది. ఓ సాయంత్రం వీధరుగు మీద కూర్చోబెట్టి నూనె రాసి తల దువ్వుతుంటే ఎదురింటి ముందు ఆటో ఆగింది. నీలవేణి భర్తను భుజం మీద వేసుకుని దింపుతోంది. ఖాళీగా వేలాడుతున్న లుంగీ అంచు ఆటో కడ్డీకి చిక్కుకుంటే వంగి విడిపించింది.

మరిడమ్మ కోడలి చెవి దగ్గరికి వంగి నవ్వింది. “ఇప్పుడు పలకరియ్యే, పరవానేదు. ఆడింకెక్కడికీ ఎల్లనేడు.”

నీలవేణి ఒక్కసారి ఇటు చూసింది. మరిసెల్‌కి పరుగున వెళ్లి అటు భుజం పట్టాలనిపించింది. లేస్తే ఈ చేతులు మళ్లీ తన తల మీద పడవు. ఆమె కదలకుండా కూర్చుంది, మరిడమ్మ పాయలు తీసి జడ బిగించింది.