ఉమారాణి బయోడేటాలో ఒక మాట

ఆర్మూర్‌లో పసుపు కొనే ఒక దుకాణంలో ఉమారాణి పదిహేడేళ్లుగా కొమ్ములు ఏరే పని చేస్తోంది. కొమ్మును విరిచినప్పుడు వచ్చే చప్పుడును బట్టి అది బాగా ఎండిందో, లోపల తడి ఉందో చెప్పేస్తుంది. సరుకు మీద అనుమానం వస్తే సేటు కూడా ఆమెనే పిలుస్తాడు.

ఊరి బయట కొత్తగా పెట్టిన పసుపు పొడి కంపెనీ, నాణ్యత చూసే మనుషులు కావాలని ప్రకటన ఇచ్చింది. పదో తరగతి పాసైతే చాలు. డిగ్రీ చదువుతున్న కూతురు అంకిత అది ఫోన్లో చూసి, తల్లి వద్దంటున్నా వినకుండా బయోడేటా తయారుచేసింది. పేరు కింద ‘ఆస్పైరింగ్ క్వాలిటీ ఇన్‌స్పెక్టర్’ అని ఇంగ్లీషులో రాసింది.

ఆ మొదటి మాటకు అర్థమేమిటని ఉమారాణి అడిగింది. ఒక పనిలోకి రావాలని ఆశపడుతూ, దానికోసం కష్టపడుతున్నవాళ్ల గురించి చెప్పేటప్పుడు ఆ మాట వాడతారని అంకిత వివరించింది. కథలు రాస్తూ ఇంకా రచయితగా పేరు రానివాళ్లను ‘ఆస్పైరింగ్ రైటర్’ అంటారు. పేరొచ్చాక ఆ మాట తీసేస్తారు.

చిక్కుడుకాయలు తుంచుతున్న ఉమారాణి చేతులు ఆగాయి.

“గట్లయితే నాకెందుకు బిడ్డా గా మాట? పదిహేడేండ్ల సంది గదే పని చేస్తున్న. నేనెప్పుడో అయిన.”

ఉద్యోగం రాకముందే అలా చెప్పుకోకూడదని అంకిత కాసేపు వాదించింది. తల్లి ఒప్పుకోలేదు. చివరికి అంకిత ఆ మాట తీసేసి, పదిహేడేళ్ల అనుభవం అని రాసి పంపింది.

వారానికి పిలుపు వచ్చింది. మేనేజరు శ్రవణ్‌కుమార్ నాలుగు పళ్లేలలో పసుపు పెట్టి చూడమన్నాడు. ఆమె విరిచింది, వాసన చూసింది. ఒకటి సరిగా ఉడకలేదంది. ఇంకోదానికి రంగు పూశారంది. మిగతా రెండూ మంచివే అంది. ఆమె చెప్పినవాటిలో మూడు సరిపోయాయి. మంచివన్న వాటిలో ఒకదానిలో తేమ ఎక్కువుందని మిషన్ చూపించింది. ఆ మిషన్ నడపడం, లెక్కలు కంప్యూటర్లో ఎక్కించడం వచ్చా అని అతను అడిగాడు.

ఉమారాణికి వచ్చని చెప్పేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది.

“పసుపు నాకు ఎరుకే సార్. మిషన్ ఎరుకలేదు. గా మిషన్ కాడ మాత్రం నేను ఆస్పైరింగే. నేర్పితే నేర్చుకుంట.”

శ్రవణ్‌కుమార్ ఆమె వైపు చూసి, ఆ మాట ఎవరు నేర్పారని అడిగాడు. కూతురని చెప్పింది. మూడు నెలలు శిక్షణలో ఉండాలని, ఆ తర్వాత పని చూసి ఉద్యోగం ఖాయం చేస్తామని అతను చెప్పాడు.

మొదటి వారం మౌస్ ఆమె మాట వినలేదు. అక్కడే పనిచేసే, అంకిత వయసున్న మానస పక్కన కూర్చుని ఓపికగా చూపించేది. అందుకు బదులుగా మధ్యాహ్నం అన్నం తిన్నాక ఉమారాణి ఆ పిల్లకు కళ్లు మూసుకుని కొమ్ము విరవడం నేర్పేది. రెండో వారం చివర్లో ఒక రిపోర్టు మొత్తం ఎవరి సాయం లేకుండా ఎక్కించింది. అడుగున పేరు కొట్టేటప్పుడు ఒక అక్షరం తప్పుపడింది. చెరిపి, ఒక్కో మీటా వెతుక్కుంటూ మళ్లీ కొట్టింది.