సీరియస్ అనే నేను

నేను ఒక ఇంగ్లీషు మాటను. పేరు సీరియస్. నేను పుట్టిన చోట నవ్వని మొహాన్నీ, తేలిగ్గా తీసుకోకూడని పనినీ నాతో చెప్పుకునేవారట. ఈ దేశానికి వచ్చాక డాక్టర్ల నోట పడ్డాను. అక్కడి నుంచి టెలిగ్రాముల్లోకి, తర్వాత ఫోన్లలోకి. దారిలో ఉన్న మనిషి గుండె ఆగిపోతుందేమోనని, ప్రాణం పోయినా "పోయారు" అనరు. "సీరియస్‌గా ఉంది, రండి" అంటారు. చావు మీద కప్పే దుప్పటిని నేను. మనుషులది మంచి మనసే. ఆ మంచితనమంటేనే నాకు భయం.

బొబ్బిలిలో అప్పలసూరి, తండ్రి పోయిన రోజున నన్నే చెల్లెలి దగ్గరికి పంపాడు. పైడమ్మ రాయగడ నుంచి నాన్న కోసం కొబ్బరిబొండాలు మోసుకుంటూ రైల్లో వచ్చింది. వాకిట్లో పాడె కడుతున్నారు.

రెండేళ్ళకు తల్లి అసిరమ్మ ఆస్పత్రిలో పడింది. ఆయాసంలోనూ కూతురినే కలవరిస్తోంది. అప్పలసూరి మళ్ళీ ఫోను తీశాడు.

"చెల్లే, అమ్మకి సీరియస్‌గా ఉందే. ఆస్పత్రికి బేగి రా."

అవతల ఏడుపు లేచింది. "ఎప్పుడు పోయిందన్నయ్యా?"

"పోలేదే! నీతో ఏదో చెప్పాలంటోంది. ఒట్టు!"

"నాన్నప్పుడూ ఇలాగే ఒట్టేశావు."

"ఓలమ్మా, ఈసారి నిజమే!"

ఆమె ఫోను మొగుడికి ఇచ్చేసింది. రామినాయుడు గొంతు తగ్గించి, "సరే బావా, మాకు తెలీదేటి? అందరం వస్తాం. అంతదాకా పాడె ఎత్తకండి" అని పెట్టేశాడు.

లేదు, బతికే ఉంది, పరిగెత్తండి అని అరవాలనిపించింది. నేను మాటనే గానీ, నాకు నోరెక్కడిది?

రైలు వాళ్ళకోసం ఆగలేదు. వాళ్ళూ రైలుకోసం తొందరపడలేదు. చుట్టాలు కూడేదాకా కూర్చున్నారు, జీపు మాట్లాడుకున్నారు, అమ్మ మీద కప్పడానికి కొత్త చీర కొన్నారు. ఇక్కడ అసిరమ్మ చూపు గుమ్మం మీదే ఉంది.

"వచ్చిందేటిరా?"

"వస్తోందమ్మా."

పొద్దు వాలుతుండగా పైడమ్మ గుండెలు బాదుకుంటూ వార్డులోకి వచ్చింది. ఒక చేతిలో చీర సంచి, మోచేతికి బంతిపూల దండ. మంచం దగ్గరకొచ్చి కొయ్యబారిపోయింది. అసిరమ్మ రెప్పలార్పింది.

"ఆ దండ ఎవరికే, పైడీ?"

పైడమ్మ దండను వెనక్కి దాచుకుని అన్నకేసి చూసింది. అతను నేలకేసి చూశాడు. ముసలమ్మ చూపు మెల్లగా సంచి మీదకు జారింది.

"మంచి రంగే తెచ్చినావు" అని గోడవైపు తిరిగి పడుకుంది. కూతురు ఎంత బతిమాలినా ఇటు తిరగలేదు. చెప్పాలనుకున్నదేమిటో చెప్పనే లేదు.

దీపాలు పెట్టే వేళకు ఆ మంచం దగ్గర నాతో పని తీరిపోయింది.