పెరగని అద్దె

కిరందుల్ స్టేషను వెనక, ఇనుపరాయి బళ్ళు మలుపు తిరిగేచోట, ఎర్రదుమ్ము పట్టిన ఇళ్ళ వరస ఒకటుంది. ఆ వరసలో చివరి ఇంటికి ఆర్నెల్లకోసారి ఒకావిడ వచ్చి, అద్దె ఎంత అని అడిగి పోయేది. ఆవిడ పేరు రీనా. దేశంలో ధరలు ఏమాత్రం పెరుగుతున్నాయో లెక్కగట్టే శాఖలో ఆవిడకి పని. బియ్యం, నూనె, సబ్బు ధరలు వేరేవాళ్ళు బజార్లో అడుగుతారట. ఇళ్ళ అద్దెలు ఈవిడ అడగాలి. ఊళ్ళో కొన్ని ఇళ్ళు ఎంచి ఇచ్చారు, ఎన్నిసార్లు వచ్చినా ఆ ఇళ్ళకే రావాలి.

అందులో ఆ చివరి ఇల్లు, గ్రేసీ వాళ్ళది, ఎందుకు పడిందో ఎవరికీ తెలీదు.

"మనింటికి జాతకం రాస్తన్నారే," అనేవాడు గ్రేసీ నాన్న ఏలియా. "రాజయోగం ఉందో లేదో కనుక్కో."

రీనాకి తెలుగు రాదు. గ్రేసీ వాళ్ళమ్మ నూకాలమ్మకి హిందీ బేరమాడే మట్టుకే వచ్చు. మధ్యలో గ్రేసీ నిలబడి, చూపు నేలకి దించుకుని, అటు మాట ఇటూ ఇటు మాట అటూ చెప్పేది. పన్నెండో తరగతికి వచ్చినా నలుగురిలో నోరు పెగలని పిల్ల. మాట తనది కాకపోతే మాత్రం చెప్పగలిగేది.

ఇల్లంటే ఒక్క గది. ఇంటాయన ఉమామహేష్. లైను వేసే రోజుల్లో ఆయన తండ్రి బొబ్బిలి వైపునుంచి వచ్చి, కిరాణా కొట్టు పెట్టి, ఆ వరస కట్టించాడు. ఏలియా వాళ్ళది అనకాపల్లి దగ్గర. పట్టాల మీద కాంట్రాక్టు పనికని వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నూకాలమ్మ చీకటితోనే లేచి ఇడ్లీలు వండి స్టేషను గేటు దగ్గర అమ్మేది. డ్యూటీ దిగిన గూడ్సు డ్రైవర్లూ గార్డులూ ఆమె దగ్గరే తినేవాళ్ళు. ఆ ఒక్క గదిలోనే పొయ్యి, పడక, గ్రేసీ పుస్తకాలు. పొగకి గ్రేసీ కళ్ళెప్పుడూ ఎర్రగా ఉండేవి. బళ్ళో పిల్లలు ఏడ్చావా అని అడిగేవాళ్ళు.

మొన్నటి ఎండాకాలం ఏలియా వెనక ఖాళీలో ఒక గది, దాన్నానుకుని చిన్న బాత్రూము కట్టాడు. కట్టే ముందు ఉమామహేష్‌ని అడిగాడు. ఉమామహేష్ గుమ్మంలో నిలబడి టీ తాగుతున్నాడు.

"కట్టుకోరా ఏలియా," అన్నాడు. "నీ సేత్తో నువ్వు కట్టుకున్నదానికి నాను అద్దె అడుగుతానేటి? మనోడివి."

ఆ వరసలో ఇలాంటివాటికి కాగితాలు రాసుకునే అలవాటు లేదు. గుమ్మం దగ్గర టీ తాగుతూ అన్న మాటే మాట. ఆ మాట మీదే ఒకరు వసారా దింపుకున్నారు, ఒకరు గచ్చు చేయించుకున్నారు. ఏలియా ఆదివారం చర్చినుంచి రాగానే చొక్కా విప్పి మట్టిలోకి దిగేవాడు. గ్రేసీ బురద తొక్కి, ఇటుకలు అందించేది. కిటికీ మరీ కిందకి పెట్టాడేంటని పక్కింటి సంతోషకుమారి నవ్వింది.

"కూకుని పిండి రుబ్బే మనిషికి గాలి తగలాల గానీ, నిలబడ్డోడికెందుకు?" అన్నాడు ఏలియా.

ఆ కిటికీ గాలి నూకాలమ్మకి వానలు పడేదాకా తగిలింది. వానలతో జ్వరాలొచ్చాయి. ఏలియాకి వచ్చిన మలేరియా తలకెక్కింది. జగదల్‌పూర్ పెద్దాసుపత్రికి తీసుకెళ్తుంటే, ఘాటు రోడ్డు దిగకముందే, మనుషుల్ని గుర్తుపట్టడం మానేశాడు. గ్రేసీని చూసి "ఎవలమ్మా నువ్వు?" అన్నాడు. అదే చివరి మాట.

నెల తిరక్కుండానే ఉమామహేష్ వచ్చాడు.

"ఏటి నూకాలమ్మా, కుదుటపడ్డావా? పై నెలనుంచి అద్దె రెండున్నర వేలు ఇయ్యాల."

"పదేనొందలు కద బాబూ?"

"అది ఒక్క గదికి. ఇప్పుడు రెండు గదులు, బాత్రూము. బయట అడిగి సూడు."

"అవి ఆయన కట్టినవి కద బాబూ. కట్టుకోమని నువ్వే అన్నావు."

"అన్నాను. ఏలియాతో అన్నాను. ఏలియా ఉన్నన్నాళ్ళూ అడిగానేటి?"

ఆయన వెళ్ళాక సంతోషకుమారి గోడ మీదుగా తల ఎత్తింది. "కొట్లో బియ్యంలో రాళ్ళు ఏరమంటే ఏరడు. సచ్చిపోయినోడు కట్టిన ఇటుకలు మాత్రం బాగా ఏరుకుంటన్నాడు."

నూకాలమ్మ నవ్వలేదు. స్టేషను దగ్గర ఇల్లు పోతే ఇడ్లీలు పోతాయి, ఇడ్లీలు పోతే గ్రేసీ చదువు పోతుంది. వేరే ఆధారం లేదు. రెండున్నర వేలిచ్చుకుంటే పిండికి బియ్యం ఉండవు. చివరికి ఆమె అంది.

"ఆవిడొచ్చే రోజులే కద. రాస్తాది. ఉత్తినే పెంచేసాడని గవర్నమెంటుకి తెలుస్తాది."

రీనా ఆ వారంలోనే వచ్చింది. గొడుగు గుమ్మం బయటపెట్టి లోపలికి రాగానే గోడమీద ఏలియా ఫోటో, దానికి వేసిన ప్లాస్టిక్ దండ చూసి ఆగిపోయింది. ఎప్పుడని అడిగింది. గ్రేసీ చెప్పింది. రీనా స్టూలు మీద కూర్చుని, ఇచ్చిన టీ అందుకుంది. తర్వాత సంచిలోంచి తన టాబ్లెట్ తీసింది. నూకాలమ్మ దాన్ని పలక అనేది.

"కిరాయి ఎంత?"

గ్రేసీ నోరు తెరిచేలోగానే నూకాలమ్మ రెండున్నర వేలని తనే హిందీలో చెప్పేసింది. "ఢాయీ హజార్." చెప్పి, గ్రేసీ వైపు తిరిగింది. "పెరిగిపోనాదని రాయమను. పెద్ద అచ్చరాల్తో రాయమను."

రీనా వెనక్కి వెళ్ళి కొత్త గది చూసింది. పొయ్యి చూసింది, బాత్రూము తలుపు తోసి చూసింది. తిరిగొచ్చి పలక మీద వేలితో చాలాసేపు నొక్కింది.

"రాశాను," అంది. "కానీ ఇది అద్దె పెరగడం కింద రాదు."

గ్రేసీకి అర్థం కాలేదు. రీనా సబ్బు కథ చెప్పింది. అదే సబ్బు నిరుడు ఇరవై ఉండి ఇప్పుడు పాతికైతే ధర పెరిగినట్టు. సబ్బు పెద్దదై పాతికైతే అది ధర పెరగడం కాదు, ఎక్కువ సబ్బు కొన్నట్టు. ధర అలాగే ఉంచి సబ్బు చిన్నది చేస్తే మాత్రం పెరిగినట్టే. "ఇల్లూ అంతే. పోయినసారి ఒక గది, ఇప్పుడు రెండు. పై ఆఫీసులో ఆ గది విలువ తీసేసి పోలుస్తారు. అలా చూస్తే ఇక్కడ అద్దె పెరగనట్టే."

"ఆ గది కట్టింది మా నాన్న," అంది గ్రేసీ.

అది అమ్మ చెప్పమన్న మాట కాదు. చెప్పాక చెవులు వేడెక్కాయి.

రీనా వేలు ఆగింది. పలకలో పైకీ కిందకీ వెతికింది. వెతుకుతున్నట్టు నటించడం కాదు, నిజంగానే వెతికింది. "ఎవరు కట్టారన్న ప్రశ్న ఇందులో లేదు, బేటీ," అంది చివరికి. చల్లారిపోయిన టీ వదిలెయ్యకుండా మొత్తం తాగి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

"ఏటంది?" అంది నూకాలమ్మ.

గ్రేసీ ఒక్క ముక్క వదలకుండా చెప్పింది, సబ్బుతో సహా. నూకాలమ్మ విని, పిండి రుబ్బడానికి కూర్చుంది.

మర్నాడు ఇడ్లీల గిన్నె ఖాళీచేసి వచ్చి, చీర కుచ్చెళ్ళు ఎగదోపి, స్టూలెక్కి వెనక గది రేకుల మేకులు పీకడం మొదలెట్టింది.

"అమ్మా, ఏం చేస్తున్నావు?"

"ఇల్లు సిన్నది సేస్తన్నాను. గది ఉండబట్టే కద రెండున్నర వేలు? గవర్నమెంటావిడే అంది. గది లేకపోతే మళ్ళీ పదేనొందలే."

ఇందులో ఎక్కడో తప్పుందని గ్రేసీకి తెలుస్తోంది. ఆవిడ చెప్పింది లెక్క ఎలా కడతారో, అద్దె ఎలా పెడతారో కాదు. కానీ ఏలియా పోయాక అమ్మ ఒక పనికి ఇలా కుచ్చెళ్ళు దోపడం అదే మొదలు. అమ్మ మొహంలో ఒక దారి దొరికిన మనిషి తొందర కనిపిస్తోంది. గ్రేసీ స్టూలు కదలకుండా పట్టుకుంది.

"ఓలమ్మో! మతిగాని పోనాదేటే నూకాలూ?" అంటూ సంతోషకుమారి వచ్చింది. సంగతి విని, నమ్మీ నమ్మక, రేకులు కిందకి దింపడానికి చెయ్యి వేసింది. రేకులు తొందరగానే వచ్చాయి. గోడే రాలేదు. ఏలియా ఒక్కో ఇటుకా తాపీతో గట్టిగా తట్టి లేపిన గోడ అది. గడ్డపార వేస్తే చేతులు జిల్లుమంటున్నాయి.

"ఇంత గట్టిగా ఎందుకు కట్టాడే మీ నాన్న? ఎవరికోసం కట్టాడే?" అని నూకాలమ్మ తిట్టింది. తిడుతూనే పొడిచింది. కిటికీ దగ్గరికి వచ్చేసరికి గడ్డపార గ్రేసీకి ఇచ్చి అటు తిరిగి నిలబడింది. గ్రేసీ కిటికీ రెక్కలు ఊడదీసింది గానీ, ఆ గోడ మాత్రం కన్నంతో అలాగే నిలబడిపోయింది.

సాయంత్రానికి ఉమామహేష్‌కి తెలిసి పరుగున వచ్చాడు.

"ఎవలనడిగి పీకినావు?"

"నా మొగుడు కట్టింది నాను పీకినాను. ఇదిగో నీ ఒక్క గది. నీ పదేనొందలు."

ఉమామహేష్ కుప్పగా పడిన ఇటుకల్నీ మట్టినీ, వానకి తడుస్తున్న పొయ్యినీ చూశాడు. కోపం తగ్గినట్టే కనిపించాడు. అది చూసే గ్రేసీకి భయమేసింది.

"రెండున్నర వేలే," అన్నాడు.

"ఒక్క గదికా?"

"ఒక్క గదికే. కాంట్రాక్టరు కాడ పనిసేసే కుర్రోళ్ళు నలుగురు మంచాలేసుకోడానికి సోటు అడుగుతున్నారు. మూడేలకైనా ఒప్పుకుంటారు. ఆళ్ళకి పొయ్యి కూడా అక్కర్లేదు, మెస్సులో తింటారు."

"గవర్నమెంటావిడ సెప్పింది..."

"ఏ గవర్నమెంటావిడ? ఆ పలకట్టుకుని తిరిగే ఆవిడా? ఆవిడ అడుగుతాది, రాసుకుంటాది, పోతాది. నీకు ఎంత పెట్టాలో నాకు సెప్పి పోతాదేటి?" ఆయన వెళ్ళబోతూ వెనక్కి తిరిగాడు. "గదులు అలాగుంటే రెండువేలకి సరిపెట్టుకుందును, ఏలియా మొహం సూసి."

నిజంగా సరిపెట్టుకునేవాడో లేదో ఎవరికి తెలుసు? కానీ ఆ మాట విన్నాక నూకాలమ్మ ఆ మట్టి కుప్ప మీదే కూర్చుంది. వాన చినుకులు పడుతున్నా లేవలేదు. సంతోషకుమారి ఒక రేకు తెచ్చి ఆమె నెత్తిమీద పట్టుకుని నిలబడింది.

దసరా వెళ్ళేసరికి వాళ్ళు ఇల్లు మారారు. ఊరి చివర, వాగు అవతల, కొండ కింద ఒక పాక. పదేనొందలే. అక్కడినుంచి చీకట్లో ఇడ్లీల గిన్నె మోసుకుని స్టేషనుకి రావడం కుదరలేదు. గేటు దగ్గర ఇంకెవరో బండి పెట్టుకున్నారు. నూకాలమ్మ ఒక మెస్సులో గిన్నెలు తోమడానికి కుదిరింది. సాయంత్రం గిన్నెలకి గ్రేసీ కూడా వెళ్ళేది. పరీక్షలు దగ్గరికొస్తున్నా పుస్తకం తెరిచిన రోజులు తక్కువ. రేకులు మాత్రం వెంట తెచ్చుకున్నారు. కొత్త ఇంటాయన వాటిని వెయ్యనివ్వలేదు. పాక గోడకి ఆనించి ఉన్నాయి.

మాఘమాసం ఎండలో, బడినుంచి వస్తూ, గ్రేసీ పాత వరస మీదుగా నడిచింది. చివరి ఇంటి ముందు రీనా నిలబడి ఉంది. గుమ్మంలో బనీనుతో ఒక కుర్రాడు, వెనక వరసగా మంచాలు.

"తీన్ హజార్," అంటున్నాడు వాడు. వెనక గది ఏమైందని రీనా అడిగితే భుజాలెగరేశాడు. తాను వచ్చినప్పటినుంచీ ఇంతే.

రీనా చుట్టూ చూసి గ్రేసీని గుర్తుపట్టింది. "గ్రేసీ! మీరు ఇక్కడ లేరా?"

"లేము."

"వెనక గది ఉండేది కదా?"

"తీసేశాం." గ్రేసీ ఆగి, మళ్ళీ అంది. "అమ్మా నేనూ తీసేశాం. గది లేకపోతే అద్దె తగ్గుతుందని."

సబ్బు మాట గుర్తొచ్చిందో ఏమో, రీనా ఆమెని తేరిపార చూసింది. పలక వైపు తల దించుకుని వేలితో నొక్కింది. ఒక గది. బాత్రూము లేదు. మూడు వేలు.

"ఈసారి పెరిగినట్టు వస్తుంది," అంది మెల్లిగా. "బాగా పెరిగినట్టు."

"మేము ఇప్పుడుండే ఇల్లు రాస్తారా?"

"నాకు ఇచ్చిన ఇళ్ళే రాయాలి, బేటీ. మనుషులు మారినా ఇల్లు మారదు."

ఆ సాయంత్రం మెస్సు వెనక, బూడిదలో ముంచిన పీచుతో డేగిసా రుద్దుతూ నూకాలమ్మ అంతా వింది.

"రాసిందా?"

"రాసింది."

"పెరిగిందనేనా?"

"పెరిగిందనే. బాగా పెరిగిందని."

నూకాలమ్మ డేగిసా బోర్లించి నీళ్ళు వంపేసింది. "మరి మీ నాన్న గది?"

"లేదని రాసింది."

ఆమె తల ఊపి, ఇంకో గిన్నె దగ్గరికి లాక్కుంది. గిన్నె మీదనుంచి కళ్ళెత్తకుండానే, "ఆ కుర్రోళ్ళు కిటికీ సోటు పూడ్సేసారేటే?" అని అడిగింది.

గ్రేసీ ఆ ఇంటి వెనక్కి వెళ్ళి చూడనే లేదు. "పూడ్చలేదమ్మా," అంది.